బంగారం వెదికే సరదాకు పనిముట్టును బట్టి నియమం కావాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారాలు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు యువకులు కొందరు సెలవు దినాల్లో మెటల్ డిటెక్టరు, పార, జల్లెడ, ఇసుక గాలించే ప్లాస్టిక్ పళ్లెం కారులో వేసుకుని కోలారు వైపో, కుప్పం వైపో, రామగిరి వైపో బయలుదేరి, వాగుల వెంటా పాత గనుల చుట్టుపక్కలా బంగారు రజను కోసం వెదకడం ఈ మధ్య తరచుగా వింటున్నాను. కళాశాలలో భూగర్భశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కావడం వల్ల, మా కాలనీలోని పిల్లలు ఏ పరికరం కొనాలో, ఏ వాగుకు వెళ్లాలో నన్ను అడుగుతుంటారు. ఏ పరికరం బాగా పనిచేస్తుందని అడిగేవారే గాని, ఏది వాడడానికి అనుమతి ఉందని అడిగేవారు అరుదు. అలా అడిగిన ఒకరిద్దరికి చూపిద్దామంటే, సామాన్యుడికి అర్థమయ్యే భాషలో పరికరాల గురించి రాసిన కాగితం ఒక్కటీ మన గనుల శాఖల నుంచి వచ్చినట్టు నాకు కనబడలేదు. ఈ లోటును మీ పత్రిక ద్వారా కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల దృష్టికీ, కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1957 నాటి గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం లైసెన్సు గాని లీజు గాని లేకుండా ఎవరూ ఖనిజాన్వేషణ చేయరాదు, గని తవ్వరాదు. ఖనిజ నిక్షేపాలను వెదకడానికి, వాటి జాడ పట్టడానికి, అవి ఉన్నాయని నిర్ధారించుకోవడానికి చేసే ఏ పనైనా అన్వేషణే అవుతుందని 3వ సెక్షన్ నిర్వచించింది. ఆ నిర్వచనంలో లాభం కోసం చేసేదా, సరదా కోసం చేసేదా అన్న తేడా లేదు. చేతి పళ్లెంతో చేసేదా, ఇంజనుతో చేసేదా అన్న తేడా కూడా లేదు. మామూలు ఇసుక చిన్న తరహా ఖనిజం కాబట్టి దాని నియమాలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ఆ ఇసుకలో కలిసి ఉన్న బంగారం మాత్రం ప్రధాన ఖనిజం. దాని అన్వేషణకూ తవ్వకానికీ నియమాలు చేసే అధికారం 13వ సెక్షన్ కింద కేంద్రానిది. 2015 సవరణ తర్వాత 21వ సెక్షన్ కింద పడే శిక్ష అయిదేళ్ల వరకు జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల వరకు జరిమానా. అనుమతి లేకుండా ఖనిజం తీయడానికి ఉపయోగించిన పనిముట్టును, పరికరాన్ని, వాహనాన్ని జప్తు చేసే అధికారం కూడా అదే సెక్షన్ ఇస్తున్నది. చట్టంలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు చదివితే, పాలారు ఇసుకలో కూర్చుని గుప్పెడు మట్టి కడిగే విద్యార్థి, మోటారు పంపు పెట్టి వాగు అడుగును తోడేసే ముఠా ఒకే వరుసలో నిలబడతారు.

2023లో ఈ చట్టాన్ని సవరించి, బంగారంతో సహా 29 ఖనిజాలకు కొత్తగా అన్వేషణ లైసెన్సును ప్రవేశపెట్టారు. అది వేలం ద్వారా ఇచ్చేది, లోతైన నిక్షేపాలను వెదకడానికి పెట్టుబడి పెట్టగల సంస్థలకు ఉద్దేశించినది. ఆదివారం పూట వాగు ఒడ్డున రెండు గంటలు గడిపే మనిషికి ఆ లైసెన్సుతో సంబంధం లేదు.

అందరినీ ఒకే గాటన కట్టే చట్టాన్ని ఆచరణలో ఎవరి మీదా సరిగా ప్రయోగించలేము. రాయలసీమలో దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో వందలాది మంది వజ్రాల కోసం వెదుకుతారు. వజ్రకరూరు వైపు కూడా ఇదే దృశ్యం కనబడుతుంది. వజ్రం కూడా బంగారంలాగే ప్రధాన ఖనిజమే. అయినా ఆ వెదుకులాటను ఎవరూ పెద్ద నేరంగా చూడరు. నా ఉద్దేశంలో అందుకు ముఖ్య కారణం, అక్కడ చాలామంది వాడేవి కళ్లు మాత్రమే కావడం. వాన నీరు మట్టిని కడిగి పైకి తేల్చిన రాళ్లలో మెరిసేదాన్ని ఏరుకుంటారు, నేలను తవ్వరు. విత్తనం వేసిన చేలో తొక్కిళ్లు పడి రైతు నష్టపోయినప్పుడు గొడవలు వస్తాయి గాని, భూమి రూపం మారిపోయే ప్రమాదం లేదు. అంటే, చట్టంలో రాసి లేకపోయినా, పనిముట్టును బట్టి హాని ఎంతో అంచనా వేసి ఊరుకోవడమో అడ్డుకోవడమో మన ఊళ్లలో ఇప్పటికే జరుగుతున్నది. ఆ అంచనాను రాతలోకి తెచ్చి, అందరికీ ఒకే విధంగా వర్తింపజేయాలన్నదే నా కోరిక.

హాని ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే పరికరాలు ఎలా పనిచేస్తాయో కొంత చెప్పుకోవాలి. బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు, ఇసుకలో ప్రధానంగా ఉండే స్ఫటిక శిల, అంటే క్వార్ట్జ్, సాంద్రత 2.65 మాత్రమే. అందువల్ల పళ్లెంలో ఇసుక, నీరు పోసి తిప్పుతూ ఉంటే, ఇంట్లో బియ్యం గాలించి రాళ్లు వేరుచేసినట్లే, తేలిక ఇసుక అంచు దాటి పోయి, మాగ్నటైట్ వంటి నల్లని బరువు ఇసుకా, అదృష్టం ఉంటే దానిలో ఒకటి రెండు పసుపు రేకులూ అడుగున మిగులుతాయి. మనిషి చేతులకు అలుపు వస్తుంది కాబట్టి ఈ పద్ధతికి సహజమైన హద్దు ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి కూర్చున్నా కొన్ని తట్టల ఇసుక కంటే ఎక్కువ కడగలేరు, కడిగిన ఇసుక కూడా తిరిగి అదే వాగులో పడుతుంది. పిల్లలకు భూగర్భశాస్త్రం నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. బరువైన ఖనిజాలు వాగు మలుపుల లోపలి వైపునా, బండరాళ్ల వెనుకా ఎందుకు పేరుకుంటాయో పుస్తకంలో చదివి అర్థం చేసుకోవడం వేరు, చేతిలో పళ్లెం పట్టుకుని చూడడం వేరు.

పళ్లెం తర్వాతి మెట్టు స్లూయిస్ బాక్స్. అడుగున అడ్డుపట్టీలు బిగించిన పొడవాటి తొట్టిని ప్రవాహంలో వాలుగా పెట్టి, పై నుంచి ఇసుక పోస్తూ ఉంటే బరువు రేణువులు పట్టీల వెనుక ఆగిపోతాయి. ఇందులోనూ ఇంజను లేదు, కాని పారతో తవ్వి పోసే ఇసుక పళ్లెంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తొట్టికి ప్రవాహంతో పని లేకుండా మోటారు పంపుతో నీరు ఎక్కిస్తే వాగు ఒడ్డునే తవ్వి కడగవచ్చు. ఇక అన్నిటికంటే పెద్దది సక్షన్ డ్రెడ్జ్. నీటి మీద తేలే చట్రంపై ఇంజను, పంపు పెట్టి, లావుపాటి గొట్టంతో వాగు అడుగున ఉన్న ఇసుకనూ గులకరాళ్లనూ పీల్చి, స్లూయిస్ మీదుగా వదిలే యంత్రమిది. మోటారు వచ్చిన చోట చేతుల అలసట అనే హద్దు చెరిగిపోతుంది. గుంటలు లోతవుతాయి, ఒడ్డు కోసుకుపోతుంది, బురద దిగువకు సాగుతుంది, చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ల నేల చెల్లాచెదరవుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉండే మన వాగుల్లో ఇలా తవ్వి వదిలేసిన గుంట, మొదటి వరదకు నీరు నిండి ఎంత లోతో తెలియకుండా పోతుంది. ఊరి పిల్లలు ఈతకు దిగేది, పశువులు నీళ్లకు దిగేది అక్కడే.

సరదా అన్వేషణకు ఎంతో కాలంగా అలవాటుపడ్డ దేశాలు కూడా చివరికి పనిముట్టు దగ్గరే గీత గీశాయి. న్యూజిలాండ్‌లో ప్రజలు ఏ అనుమతీ లేకుండా బంగారం గాలించుకోవడానికి దక్షిణ దీవిలో కొన్ని వాగులను, ప్రదేశాలను ప్రత్యేకంగా ప్రకటించారు; ఒటాగో ప్రాంతంలోని యారో నది వాటిలో ఒకటి. అక్కడ చేతితో పట్టుకునే, మోటారు లేని పనిముట్లు మాత్రమే వాడాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మైనర్స్ రైట్ అనే అనుమతి పత్రం తీసుకుంటే అది 10 సంవత్సరాలు చెల్లుతుంది. దానితో పళ్లెం, చేతి పనిముట్లు, మెటల్ డిటెక్టరు వాడవచ్చు. తవ్విన గుంటను పూడ్చే బాధ్యత వెదికినవారిదే. క్వీన్స్‌లాండ్ లైసెన్సులోనూ చేతి పనిముట్లకే చోటు. అమెరికా సమాఖ్య ప్రభుత్వ భూముల్లో చేతి పళ్లెం, మెటల్ డిటెక్టరు వంటివాటితో చేసే పనిని సాధారణ వినియోగంగా లెక్కించి ముందస్తు నోటీసు అడగరు. మట్టి తవ్వే యంత్రాలు, రసాయనాలు, పేలుడు పదార్థాలు వచ్చాయంటే ఆ వెసులుబాటు వర్తించదు.

వీటిలో మనం శ్రద్ధగా చదవవలసినది కాలిఫోర్నియా అనుభవం. క్లామత్ నది పరీవాహకంలో తరతరాలుగా సాల్మన్ చేపల మీద బతికే కరుక్ తెగవారు, సక్షన్ డ్రెడ్జ్‌ల వల్ల చేపలు దెబ్బతింటున్నాయని 2005లో రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖపై దావా వేశారు. 2009 ఆగస్టులో రాష్ట్రం ఆ యంత్రాలపై తాత్కాలిక నిషేధం విధించింది. సమాఖ్య గనుల చట్టం తమకిచ్చిన హక్కును రాష్ట్రం ఎలా అడ్డుకుంటుందని వెదికేవారు పోరాడారు. 2016లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు రైన్‌హార్ట్ కేసులో ఆ వాదనను తోసిపుచ్చి, బంగారం తీసే పద్ధతిని పర్యావరణ కారణాలతో నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉన్నదని తీర్పు చెప్పింది. ఆ వివాదంలో చేపలతో పాటు మరో ముఖ్యమైన అంశం పాదరసం. 19వ శతాబ్దపు గనివారు బంగారాన్ని పట్టుకోవడానికి వాడి పారబోసిన పాదరసం ఇంకా ఆ నదుల అడుగున ఉంది. కదిలించకపోతే ఇసుక కింద పడి ఉండేది, డ్రెడ్జ్ పీల్చి కొట్టినప్పుడు సన్నని తుంపరలుగా విడిపోయి దిగువకు కొట్టుకుపోతుంది. నూరేళ్లకు పైగా పాతబడిన విషాన్ని సరదా కోసం తెచ్చిన ఒక యంత్రం మళ్లీ నీటిలోకి లేపగలదని అక్కడివారు కష్టపడి తెలుసుకున్నారు.

కోలారు బంగారు గనుల విషయంలో మనకు ఈ పాఠం నేరుగా అన్వయిస్తుంది. 1802లో మైసూరు రాజ్యపు సరిహద్దులు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఊరిగాం ప్రాంతంలో బంగారం దొరుకుతుందని విని, చూపించినవారికి బహుమానం ప్రకటించగా, గ్రామస్థులు బండ్లలో మట్టి తెచ్చి ఆయన ఎదుటే కడిగి రేకులు చూపించారు. అర క్వింటాలుకు మించిన మట్టి కడిగితే వచ్చింది ఒక్క గ్రెయిన్, అంటే సుమారు 65 మిల్లీగ్రాముల బంగారం. ఆ వివరాలు చదివి 1871లో ఎడ్లబండి మీద కోలారు వచ్చిన ఐరిష్ సైనికుడు మైఖేల్ లవెల్, తర్వాత మైసూరు సర్కారు నుంచి తవ్వకానికి అనుమతి సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ వచ్చాక అసలు గనులు సాగాయి. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి నూట ఇరవై ఏళ్లలో తీసిన బంగారం 800 టన్నుల దాకా ఉంటుందని అంచనా.

ఇంత చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. కోలారు బంగారం చాలావరకు క్వార్ట్జ్ శిలల పొరల్లో సన్నగా ఇమిడి ఉంటుంది. రాయిని పిండి చేసి, మొదట్లో పాదరసంతోనూ ఆ తర్వాత సయనైడుతోనూ కరిగిస్తే గాని అది బయటపడలేదు. కాబట్టి ఇంటర్నెట్‌లో ఆస్ట్రేలియా వీడియోలు చూసి, అక్కడి ఎర్ర ఎడారిలో చిక్కుడు గింజంత బంగారు ముద్దలను పట్టించిన డిటెక్టరు ఇక్కడా పట్టిస్తుందని నమ్మి వేలకు వేలు పోసేవారు మోసపోతారు. ఇనుము ఎక్కువగా ఉన్న మన ఎర్ర నేలలో తక్కువ ధర డిటెక్టర్లు నేలకే మోగుతాయి. గనుల చుట్టుపక్కలైతే పాత మేకులకూ తీగ ముక్కలకూ మోగుతాయి. ఈ నిరాశే నన్ను ఎక్కువగా భయపెడుతున్నది. డిటెక్టరుకు ఏమీ దొరకనివారు తర్వాత చూసేది పాత గనుల పక్కన కొండల్లా పేరుకున్న సయనైడు దిబ్బల వైపు, లేదా మూసేసిన గని బావుల వైపు. ఆ దిబ్బల్లో ఉన్నది సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల వ్యర్థ మట్టి. వేసవి గాలులకు ఆ ధూళి ఎగిరి రాబర్ట్‌సన్‌పేట ఇళ్ల మీద పడుతుంటే అక్కడివారు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. దాన్ని పారలతో కదిలించి, బస్తాల్లో ఇంటికి తెచ్చుకోవడం సరదా కిందికి రాదు. గని బావుల సంగతి ఇంకా ఘోరం. లోపల గాలి ఆడదు, ఆధారపు దూలాలు కుళ్లిపోయి ఉన్నాయి. దొంగచాటుగా దిగి ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మీ పాఠకులకు గుర్తుండే ఉంటాయి.

కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం కూడా అదే కోలారు శిలా పట్టీకి దక్షిణపు కొస. రామగిరిది వేరే పట్టీ. పద్ధతిలో మాత్రం ఈ మాటలన్నీ ఆ పాత గనులకూ వర్తిస్తాయి.

పాదరసం గురించి ఇంకొంచెం చెప్పాలి. నల్ల ఇసుకలో మిగిలిన సన్నని రేణువులను చేతితో వేరు చేయలేక, కొందరు పాదరసం కలిపి ముద్ద చేసి, దాన్ని పొయ్యి మీద వేడి చేస్తున్నట్టు చూపే వీడియోలు ఇప్పుడు ఏ పిల్లవాడి ఫోనులోనైనా దొరుకుతాయి. ఆ వేడికి పాదరసం ఆవిరై ఇంట్లో పరుచుకుంటుంది. దానికి రంగూ వాసనా లేవు కాబట్టి పీల్చేవారికి తెలియదు. నరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గర్భంలో ఉన్న బిడ్డకు మరింత ప్రమాదం. నీటిలో కలిసిన పాదరసం మిథైల్ పాదరసంగా మారి చేపల శరీరాల్లో పేరుకుని తిరిగి మన కంచంలోకి వస్తుంది. పాదరసం వినియోగాన్ని తగ్గించడానికి కుదిరిన మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. చిన్న తరహా బంగారం తవ్వకంలో పాదరసాన్ని అరికట్టడం ఆ ఒప్పందంలో ఒక ప్రధాన అంశం. అలాంటప్పుడు సరదాగా బంగారం వెదికేవారి చేతికి అది అందకుండా చూడడం ప్రభుత్వం ఒప్పుకున్న బాధ్యతలో భాగమే.

మెటల్ డిటెక్టరు వాగుకు చేసే హాని తక్కువే. దానికి ఇంకో రకమైన ప్రమాదం ఉంది. రాయలసీమలోనూ కోలారు, చిత్రదుర్గం, బళ్లారి జిల్లాల్లోనూ గుప్తనిధుల పేరుతో పాడుపడ్డ గుళ్లను, వీరగల్లులను, కోట గోడలను తవ్విపోయడం ఎంత కాలంగా జరుగుతున్నదో మీకు తెలుసు. బంగారు రజను వెదకడానికని అమ్మిన డిటెక్టరు రాత్రికి నంది విగ్రహం కిందికి చేరదని ఎవరు హామీ ఇవ్వగలరు? 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాచిన సొత్తు పది రూపాయల విలువ మించి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ రెండు సంగతులూ తెలిసి డిటెక్టరు కొన్నవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. అందుకని డిటెక్టరును పూర్తిగా నిషేధించాలని నేను అనను. పోగొట్టుకున్న నగను వెదకడానికి, పొలంలో పైపులైను జాడ తీయడానికి కూడా అది పనికివస్తుంది. కొనేవారి గుర్తింపు నమోదు చేయడం, రక్షిత కట్టడాల దగ్గర దానితో పట్టుబడితే పరికరాన్ని వెంటనే స్వాధీనం చేసుకోవడం సరిపోతాయి.

ఇప్పుడు నేను కోరే నియమం ఎలా ఉండాలో చెబుతాను. పాదరసం, సయనైడు, ఆమ్లాలు వాడితే అది ఏ పరిమాణంలో ఉన్నా, ఎవరు వాడినా, మినహాయింపు లేని నేరం కావాలి. ఇంజను గాని మోటారు పంపు గాని జనరేటరు గాని ఎర్త్‌మూవరు గాని ఉన్న చోట సరదా అనే మాటకు తావు ఉండకూడదు. 21వ సెక్షన్ ఉన్నది అలాంటివారి కోసమే. చేతి పళ్లెం, చేతి జల్లెడ, చిన్న పార మాత్రం వాడేవారికి స్వల్ప రుసుముతో ఏడాది అనుమతి ఇచ్చి, న్యూజిలాండ్‌లో లాగా ముందే ప్రకటించిన వాగు భాగాల్లో వెదకనివ్వాలి. ఆ భాగాలను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గ్రామ పంచాయతీ, అటవీ శాఖ కలిసి ఎంపిక చేయాలి. అడవులు, అభయారణ్యాలు, తాగునీటి చెరువులు, పాత గనుల భూములు వాటిలో ఉండకూడదు. పట్టా భూమి అయితే రైతు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మోకాలి లోతు దాటి తవ్వకూడదు, ఒడ్డును తొలచకూడదు, సాయంత్రం వెళ్లేటప్పుడు గుంట పూడ్చి వెళ్లాలి. వానాకాలపు తొలి నెలల్లో, చేపలు గుడ్లు పెట్టే సమయంలో, ఈ అనుమతి నిలిపివేయాలి.

స్లూయిస్ బాక్స్ విషయంలో భిన్నాభిప్రాయం ఉండవచ్చు. మోటారు లేదు కాబట్టి అనుమతించాలని కొందరు మిత్రులు వాదించారు. ఏడాది పొడుగునా నిండుగా పారే నదులున్న దేశాల్లో ఆ వాదన నిలుస్తుందేమో. మన పాలారు, పెన్న ఉపనదుల్లో పారే సన్నని నీటిని తొట్టి వైపు మళ్లించడానికి అడ్డుకట్టలు వేస్తారు, ఆ కట్టల వల్ల దిగువ రైతుకు నీరు ఆగుతుంది. మొదటి కొన్నేళ్లు పళ్లేనికే పరిమితం చేసి, వాగుల స్థితిని చూసిన తర్వాత తొట్టి సంగతి ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం.

ఈ నియమం రాసేటప్పుడు నగరం నుంచి కారులో వచ్చే మా వంటివారి కంటే ముందు గుర్తుకు రావలసినవారు ఉన్నారు. జార్ఖండ్‌లో సుబర్ణరేఖ ఇసుకలోనూ, కేరళలో నీలంబూరు దగ్గర చాలియార్ ఇసుకలోనూ చెక్క పళ్లేలతో బంగారం గాలించి పొట్టపోసుకునే పేద కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తెలుగు నేల మీద కూడా ఇసుక కడిగి బంగారం తీసే జలగడుగువారు ఉండేవారు. వారెన్‌కు మట్టి కడిగి చూపించినవారు కూడా అటువంటి పనితనం తెలిసిన పల్లెవాసులే. అలాంటి జీవనోపాధి మిగిలి ఉన్న ప్రతి చోటా ముందు వారి హక్కును రాతపూర్వకంగా గుర్తించాలి, వారి రేవుల్లోకి సరదా అనుమతులు ఇవ్వకూడదు. మోటారు యంత్రం వాగులోకి వస్తే మొట్టమొదట నష్టపోయేది వారే. యంత్రం ఒక్క వారంలో తోడేసిన చోట వారికి ఏడాదికి సరిపడా గాలింపు పోతుంది.

చట్టం మార్చడానికి సమయం పడుతుందని నాకు తెలుసు. చేతి పనిముట్లకు మినహాయింపు కేంద్రమే ఇవ్వాలి, పార్లమెంటు ముందుకు సవరణ రావాలి. అప్పటిదాకా రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. అక్రమ తవ్వకాలు, రవాణా, నిల్వలను అరికట్టే నియమాలు చేసే అధికారం 23సి సెక్షన్ కింద రాష్ట్రాలకు ఉన్నది. ఆ అధికారంతోనే, ఖనిజాలు వెదికే మోటారు పరికరాలను, ఖరీదైన డిటెక్టర్లను వాగుల దగ్గర పట్టుకున్నప్పుడు ఏం చేయాలో తహసీల్దార్లకు, పోలీసు స్టేషన్లకు స్పష్టమైన ఉత్తర్వు పంపవచ్చు. ఈ రోజు ఒక స్టేషన్‌లో పళ్లెం పట్టుకున్న కుర్రవాణ్ణి గంటలకొద్దీ కూర్చోబెడుతున్నారు, ఇంకో చోట పంపుసెట్టు పెట్టినవాణ్ణి చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు అన్న మాటలు నా చెవిన పడుతున్నాయి. ఏ పనిముట్టుకు ఏ చర్య అని రాసి ఉంటే అధికారికీ ఇబ్బంది తప్పుతుంది, లంచానికి సందూ తగ్గుతుంది.

అమ్మకందారుల బాధ్యత గురించి ఎవరూ మాట్లాడడం లేదు. బంగారం వెదికే పరికరమని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న డబ్బాల మీద వోల్టేజి, బరువు, వారంటీ అన్నీ రాస్తారు. అనుమతి లేకుండా మన దేశంలో ఖనిజాన్వేషణ నేరమన్న ఒక్క వాక్యం ఏ డబ్బా మీదా నేను చూడలేదు. నలభై యాభై వేలు పెట్టి కొన్న తర్వాత ఆ సంగతి పోలీసుల నోట వినడం కంటే, కొనే ముందే డబ్బా మీద చదువుకోవడం న్యాయం. మూలికల సీసాల మీద హెచ్చరికలు రాయించగలిగిన ప్రభుత్వానికి ఈ వాక్యం రాయించడం కష్టమేమీ కాదు. కన్నడ, తెలుగు, తమిళ భాషల్లో, పరికరాల బొమ్మలతో, ఏది వాడితే ఏ సెక్షన్ వర్తిస్తుందో తెలిపే బోర్డులను కర్ణాటక గనులు, భూగర్భ శాఖ బేతమంగళ దగ్గర పాలారు ఒడ్డునా, కేజీఎఫ్ దిబ్బల దారుల్లోనూ, ఆంధ్రప్రదేశ్ గనుల శాఖ కుప్పం, రామగిరి వాగుల దగ్గరా పెట్టించాలి. వచ్చే వానలకు వాగుల్లో నీరు చేరగానే జనం మళ్లీ పళ్లేలతో బయలుదేరుతారు కాబట్టి, ఈ బోర్డులు అంతకు ముందే నిలబడాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు,
రామమూర్తినగర్, బెంగళూరు